మా జేజి చేతులు కడుక్కున్న ఏడాది

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు శిరీషను చూడడానికి నందికొట్కూరు వెళ్ళాను. పట్నం దాటాక రెండు మైళ్ళ దూరంలో తనూ తన భర్తా కలిసి ముప్పై ఎనుములతో డెయిరీ పెట్టుకున్నారు. గేదెను మా వైపు ఎనుము అంటారు. ముప్పై ఏళ్ళు పశువైద్య శాఖ కాగితాల మీద గేదె అనే రాసినా, నా నోటికి ఈనాటికీ ఎనుము అనే మాటే ముందు వస్తుంది. శిరీష షెడ్డులో పైన రేకులు, కింద రబ్బరు పరుపులు, వరసకు రెండు ఫ్యాన్లు, పాలు పిండే యంత్రం. నాకు కుర్చీ వేసి టీ ఇచ్చింది. టీ తాగుతూ ఉంటే వరసలో నాలుగో ఎనుము తోక విదిలించి పక్కకు జరిగింది. దాని పొదుగు కనిపించింది. మూడు చన్నులు నిండుగా ఉన్నాయి, నాలుగోది ఎండిన మిరపకాయలా ముడుచుకుపోయి ఉంది. "దానికి పోయినేడు పొదుగు వాపు వచ్చినాదత్తా. మేం సూసుకునే లోపలే ఒక చన్ను పాయ" అంది శిరీష. అన్నేళ్ళ కిందటి మా ఎనుము ఎస్తేరు వచ్చి నా ముందు నిలబడినట్టు అయింది.

ఆ ఏడు నాకు పద్దెనిమిది నిండాయి. ఇంటర్లో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్నాను. మా ఊరు నందికొట్కూరుకు బస్సులో అరగంట. ఊరి చివర చర్చి, చర్చికి ఆనుకుని మా ఇల్లు, ఇంటికి ఆనుకుని ఎనుముల కొట్టం. నాయన నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా రాతి పొడి ఉండేది. అమ్మ మాకున్న రెండెకరాల వేరుశనగ చేను చూసుకునేది. తమ్ముడు కర్నూలులో హాస్టల్లో ఉండి చదివేవాడు. ఇల్లు, కొట్టం, నేను మాత్రం జేజి ఏలుబడిలో ఉండేవాళ్ళం. జేజి అంటే మా నాయన తల్లి, పేరు దేవమ్మ. సన్నటి మనిషి, కొంచెం ముందుకు వంగిన నడుము. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు పెద్దవి, వెడల్పైనవి, వేళ్ళ కణుపులు లావెక్కినవి. ఆ చేతులంటే ఆమెకు ఎంత గర్వమో చెప్పలేను. ఊళ్ళో ఎవరి ఎనుము ఈనినా మొదటిసారి పాలు పిండడానికి జేజికే కబురు వచ్చేది. తన్నే ఎనుమైనా, పాలు ఎగబట్టే ఎనుమైనా, జేజి వెళ్ళి పక్కన కూర్చుని పొదుగు నిమిరితే చాలు, చెంబులో నురగ పొంగేది. జున్ను పాలతో ఇంటికి వచ్చి, "నా చెయ్యి తెలుసు వాటికి" అనేది.

మాకు రెండు ఎనుములు. పెద్దది ఎస్తేరు, చిన్నది రూతు. పశువులకు పరిశుద్ధ గ్రంథంలోని పేర్లు పెట్టవచ్చునా దేవమ్మా అని పాస్టరుగారు ఒకసారి నవ్వుతూ అడిగారట. "ఎస్తేరు రాణి గదయ్యా. మాది గూడా రాణే. ఒకసారి కొట్టం కాడికొచ్చి సూడు, నీకే తెలుస్తాది" అని జేజి జవాబు. నిజంగానే ఎస్తేరు రాణిలాగే ఉండేది. నల్లగా మెరిసే చర్మం, మెలి తిరిగిన కొమ్ములు, ఎవరినీ లెక్క చేయని చూపు. పూటకు రెండు ఇత్తడి చెంబుల నిండా పాలిచ్చేది.

జేజి తెల్లవారక ముందే లేచేది. పేడ ఎత్తి, నేల మీద నీళ్ళు చల్లి, నానబెట్టిన వేరుశనగ చెక్క, తవుడు కలిపి ఎనుముల ముందు పెట్టేది. ఆ చెక్క వాసన, జొన్న చొప్ప వాసన, పొయ్యిలో కంది కట్టె పొగ వాసన కలిసి నా నిద్రలోకి వచ్చేవి. కాసేపటికి జేజి గొంతు వినిపించేది. చర్చిలో పాడే పాటలే, కానీ చర్చిలో కంటే మెల్లగా, ఎనుము చెవికి మాత్రమే అన్నట్టు పాడేది. రెండో చరణానికి ఎస్తేరు చేపేది, అంటే పాలు పొదుగులోంచి చన్నుల్లోకి దించేది. అప్పుడు జేజి కొట్టంలో గూటానికి వేలాడే గుడ్డ తీసుకునేది. అది ఆమె పాత చీర చెంగు. దానితో ఎస్తేరు పొదుగు తుడిచేది, ఆ తర్వాత రూతు పొదుగు, ఆ తర్వాత తన చేతులు, నేను దగ్గర ఉంటే నా ముఖం కూడా. చెంబులోని పాలల్లో రెండు వేళ్ళు ముంచి తడి చేసుకుని, బొటనవేలు లోపలికి మడిచి పిండేది. సరసరమని ధార పడే ఆ చప్పుడు వింటూ నేను మళ్ళీ నిద్రపోయేదాన్ని. అందులో తప్పు ఉందని ఆ రోజుల్లో ఎవరైనా చెబితే నవ్వేవాళ్ళం. జేజి చేతిలో తప్పా?

వేసవి ముదురుతుండగా ఎస్తేరు పాలు తగ్గడం మొదలైంది. రెండు చెంబులు ఒకటిన్నర అయ్యాయి, ఆ తర్వాత ఒకటి. ఎండకు అని జేజి అంది, పచ్చిమేత లేక అని నాయన అన్నాడు. పెరుగు సరిగ్గా తోడుకోవడం మానేసి, కింద నీళ్ళు, పైన తరకలు అయ్యింది. తోడు వేసేది నేనే కాబట్టి ఆ నింద నా మీద పడింది. రోజూ తెల్లవారాక బస్సులు ఆగే చోట మస్తాన్ టీ హోటల్‌కు పాలు పోసి వచ్చేదీ నేనే. ఒకరోజు మస్తాన్ నన్ను పక్కకు పిలిచాడు. నాయన వయసు మనిషి, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు.

"బేటీ, ఏమనుకోవద్దు. మూడు దినాల నుంచి మీ పాలు పొయ్యి మీద పెడితే ఇరిగిపోతాండాయి. పొద్దున్నే బస్సు డ్రైవర్లకు టీ లేదని చెప్పాల్సొస్తాండాది. జర జేజిని అడిగి సూడు."

నేను వచ్చి జేజికి చెప్పాను. ఆమె చీపురు కింద పడేసింది.

"నా పాలు ఇరిగినాయా? వాని గిన్నెలు సక్కగ కడుక్కోమను. రేప్పొద్దున నేనే వస్తా."

అన్నంత పనీ చేసింది. మరుసటి ఉదయం అప్పుడే పిండిన పాలచెంబు ఒక చేతిలో, బూడిదతో తోమి తళతళ మెరిపించిన మా ఇంటి గిన్నె ఇంకో చేతిలో పట్టుకుని ముందు నడిచింది, వెనక నేను. హోటల్లో ఉగ్గాని తింటూ పది మంది ఉన్నారు. "మస్తానూ, లెయ్. నీ పొయ్యి కాడ నేను కూసుంటా" అంది జేజి. మస్తాన్ లేచి చోటిచ్చాడు. తినేవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. జేజి పాలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టి, నడుము మీద చేయి వేసుకుని అందరి వైపూ ఒకసారి చూసింది. గిన్నె అంచుల్లో బుడగలు లేచాయి. పొంగు వస్తుందనుకునే సమయానికి పాల మీద సన్నటి రవ్వ తేలింది. రవ్వ గడ్డలు అయ్యింది, గడ్డల మధ్య పసుపు పచ్చటి నీళ్ళు కదిలాయి. మస్తాన్ మంట తగ్గించి, "ఎండలు శానా ఎక్కువుండాయి గదా అవ్వా. ఎండకు ఇరిగుంటాయిలే" అన్నాడు. అప్పటికి పొద్దు పొడిచి గంట కూడా కాలేదు. మస్తాన్ తనమీద దయ తలిచి ఆ మాట అన్నాడని జేజికి అర్థమయింది. ఖాళీ గిన్నెను చెంగు కింద దాచుకుని ఇంటిదాకా నడిచింది.

ఆ సాయంత్రం కొట్టంలో ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లో పట్టుకుని ఎస్తేరు చుట్టూ తిప్పుతుంటే నేను చూశాను. దిష్టి తీయడం మా చర్చిలో ఒప్పుకోరు. జేజి నన్ను చూసి ఏ మాత్రం తడబడలేదు. "ప్రార్థన పొద్దున్నే చేసినాలే. ఇది గూడా ఒక చెయ్యి ఏస్తే పోలే" అంది. అయితే ఎస్తేరుకు ప్రార్థన వల్లా, మిరపకాయల వల్లా గుణం కనిపించలేదు. రెండు రోజులకు వెనక ఎడమ చన్ను పైన పొదుగు వాచి, రాయిలాగా గట్టిపడింది. చెయ్యి పెడితే కాలింది. జేజి పిండబోతే ఎస్తేరు తన్నింది. అన్నేళ్ళలో ఏ ఎనుమూ తన్నని మా జేజి చెంబుతో సహా వెనక్కి పడింది. మోచేయి గీసుకుపోయింది కానీ ఆమె చూసుకున్నది మోచేయి కాదు. కింద ఒలికిన పాలలో ఎర్రటి చారలు ఉన్నాయి.

నాయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి పొదుగు పట్టి చూశాడు. "ఇంగ ఇది పని చెయ్యదు మా. రోగం ముదరకముందే సంతకు తోలుకపోదాం" అన్నాడు. సంతలో ఇట్లాంటి ఎనుమును ఎవరు కొంటారో, కొని ఎక్కడికి పంపుతారో మాకు తెలుసు. జేజి ఎస్తేరు మెడ మీద చేయి వేసి నిలబడింది. "దాన్ని సంతకు తోలుకపోతే నన్నూ తోలుకపోరా" అంది. నాయన కుండలోని నీళ్ళు ముంచుకుని తాగి లోపలికి పోయాడు. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. ఆ సందు చూసుకుని మరుసటి ఉదయం నేను నందికొట్కూరు బస్సెక్కాను.

పశువుల ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చిందని విన్నాను. కడప పిల్ల, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో. నేను చెప్పినదంతా విని, మందుల పెట్టె మోపెడ్‌కు కట్టి, "వెనక కూర్చో, దారి చూపించు" అంది. మా ఊరికి మోపెడ్ నడిపే ఆడమనిషి రావడం అదే మొదటిసారి. మేము కొట్టం చేరేసరికి మా వెనక పదిమంది ఉన్నారు. జేజి ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఎనుమును ఎప్పుడన్నా పిండినావా తల్లీ?" అని అడిగింది. "మా ఇంట్లో నేనే పిండేదాన్ని అవ్వా" అంది డాక్టరమ్మ. జేజి పక్కకు జరిగి చోటిచ్చింది.

"పాలు ఎన్నాళ్ళ నుంచి తగ్గినాయవ్వా?"

"నెల దాటింది."

"అయితే రోగం గూడా నెల దాటింది. వాపు ఇప్పుడు కనపడింది గానీ, కనపడకముందే లోపల చేరి శానా పాలు తినేసింది."

తర్వాత ఆమె నన్ను నాలుగు గిన్నెలు, కొంచెం బట్టల సబ్బు పొడి తెమ్మంది. "ఎనుముకు తలంటు పోస్తావా?" అంది జేజి. డాక్టరమ్మ నవ్వి, సబ్బు పొడిని నీళ్ళలో కలిపింది. ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలోకి రెండేసి ధారలు పిండి, అంతే సబ్బు నీళ్ళు పోసి తిప్పింది. రెండు గిన్నెల్లో పాలు పాలలాగే తిరిగాయి. మూడోది కొంచెం చిక్కబడింది. నాలుగోది చల్లారిన రాగి గంజిలా ముద్ద కట్టి గిన్నె అడుగుకు అంటుకుంది. రోగం ఉన్న పాలు సబ్బుకు ఇట్లా గట్టిపడతాయని ఆమె చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు మెడలు చాచి చూశారు. నేనైతే గిన్నెల మీదికి వంగి చూశాను. తరగతిలో ఎప్పుడూ తలకెక్కని చదువు నాలుగు గిన్నెల్లో నా కళ్ళ ముందు జరుగుతోంది.

"దాన్ని గూడా చూద్దాం" అంది డాక్టరమ్మ రూతును చూపించి. "దానికేమీ లేదు, అది బంగారం" అంది జేజి. రూతు పాలల్లో రెండు గిన్నెలు చిక్కబడ్డాయి. అప్పుడు డాక్టరమ్మ గూటానికి వేలాడే గుడ్డను చూసింది. దానితో ఏం చేస్తారని అడిగితే జేజి దాచకుండా అంతా చెప్పింది, రెండు వేళ్ళు పాలల్లో ముంచడం కూడా. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "రోగం దీనికి యాడ నుంచి వచ్చె?" అంది. డాక్టరమ్మ జేజి చేతుల వైపు చూసి, నా వైపు చూసింది. పెద్దామెను నొప్పించడం ఆమెకు ఇష్టం లేదు. అంతమంది ముందు ఆ మాట పరాయి నోట రావడం నాకూ ఇష్టం లేకపోయింది.

"నీ చేతి నుంచే జేజీ" అన్నాను.

జేజి తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. అట్లా చూసుకుంటూనే ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆమె వెంట వెళ్ళబోతే డాక్టరమ్మ ఆపింది. రెండింటికీ సూది వేసి, ఎస్తేరు వాచిన చన్నులోకి మందు ఎక్కించి, నాకు చేయవలసినవన్నీ ఇంట్లోకి కూడా వినపడేట్టు చెప్పింది. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఏ ఎనుముకు ఆ గుడ్డ. పిండేటప్పుడు బొటనవేలు లోపలికి మడవకూడదు, వేళ్ళు పాలల్లో ముంచకూడదు. రోగం లేని చన్నులు ముందు, ఉన్నవి చివర. పిండడం అయ్యాక చన్నులను మందునీళ్ళలో ముంచి, వెంటనే ముందర మేత వెయ్యాలి, ఎందుకంటే చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది, ఆలోపల ఎనుము బురదలో పడుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వాచిన చన్నును రెండు గంటలకొకసారి ఖాళీ చెయ్యాలి. చెడు పాలు లోపల నిలిస్తే అది దక్కదు. కలబంద గుజ్జు, పసుపు, సున్నం నూరి పైన పట్టించవచ్చా అని నేను అడిగితే, "ఎవరు చెప్పారు? మంచిదే, పట్టించు" అంది. చెప్పింది జేజే. వాపు కనిపించిన రోజే ఆమె నాతో ఆ పసరు గురించి అన్నది.

డాక్టరమ్మ వెళ్ళాక మధ్యాహ్నం నేను చెంబు పట్టుకుని ఎస్తేరు పక్కన కూర్చున్నాను. అంతకుముందు ఒక్కసారీ పిండినదాన్ని కాదు, జేజి పిండనిస్తే కదా. ఎస్తేరు నా చేతికి చేపలేదు. చన్ను పట్టుకుంటే చాలు, ఒళ్ళంతా వణికించి కాలు ఎత్తేది. రెండు చుక్కలు రాలడానికి నాకు చెమటలు కారాయి. జేజి బయట పందిరి కింద మంచం మీద కొట్టానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. సాయంత్రం కూడా నేనే కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. నేను చేయలేకపోతే ఆ చన్ను పోతుంది, నాయన సంత అంటాడు. ఎస్తేరు కాలు విసిరింది. చెంబు దొర్లిపోయింది.

"బొటనేలు మడవాకుమే!" అని మంచం మీద నుంచి కేక వచ్చింది. "ఆ యమ్మ చెప్పె గదా. ఇనలేదా?"

"నువ్వు ఇట్లనే పిండేదానివి గదా జేజీ!" అన్నాను ఏడుస్తూనే.

"నేను పిండినా, ఇట్ల పాయ. నువ్వన్నా సరిగ్గ పిండు."

కాసేపటికి తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు. తల తిప్పి చూస్తే జేజి మోచేతుల దాకా సబ్బు పూసుకుని చేతులు కడుక్కుంటోంది. కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ సబ్బు పూసింది. మూడుసార్లు కడిగింది. ఆ తర్వాత కొట్టంలోకి వచ్చి, బడిలో గోళ్ళు చూపించే పిల్లలాగా రెండు చేతులూ నా ముఖం ముందు చాపింది. "సూడు, సరిపోయినాయా?" అంది. ఆ లావాటి కణుపుల మీద నీళ్ళు కారుతున్నాయి. నేను సరిపోయినాయని తల ఊపాను. నన్ను పక్కకు జరిపి కూర్చుని, పొదుగు మీద అరచేయి ఆనించి, పాట ఎత్తుకుంది. రెండో చరణం దాకా ఎస్తేరు ఆగలేదు. మొదటి చరణంలోనే చేపింది.

బొటనవేలు బయట పెట్టి పిండడం ఆ వయసులో జేజి కొత్తగా నేర్చుకుంది. పాత అలవాటుకు వేలు లోపలికి పోయినప్పుడల్లా తన చేతిని తానే తిట్టుకునేది. వారం రోజులు సూదులు పడ్డాయి. ఆ రోజుల పాలు మనుషులు తాగకూడదు, దూడకూ పోయకూడదు. పెరట్లో గుంత తవ్వి అందులో పోసేవాళ్ళం. చెంబు వంచేటప్పుడు జేజి ముఖం పక్కకు తిప్పుకునేది. రూతు పూర్తిగా బాగయింది. ఎస్తేరుకు వాపు తీసింది, జ్వరం పోయింది, మేత తిన్నది. కానీ ఆ ఎడమ చన్ను నుంచి పాలు మళ్ళీ రాలేదు. రెండు చెంబుల ఎనుము ఒకటిన్నర చెంబు ఎనుము అయింది. మంచి మందే పడింది కానీ నెల ఆలస్యంగా పడింది. నాయన సంత మాట మళ్ళీ ఎత్తలేదు. మూడు చన్నుల ఎనుమైనా మనకు చాలులే అని, ఫ్యాక్టరీలో పగిలిన నాపబండలు తెచ్చి, నీళ్ళు నిలవకుండా వాలు పెట్టి కొట్టం అంతా పరిచాడు.

ఇంతవరకే అయితే ఇది ఒక ఎనుము కథ. వాపు తగ్గిన తర్వాతి ఆదివారం జేజి చర్చి నుంచి ఇంటికి రాకుండా నన్ను వెంట తీసుకుని లక్ష్మమ్మగారి ఇంటికి నడిచింది. వాళ్ళు రెడ్లు, ఊళ్ళో పెద్ద ఇల్లు. అంతకుముందు ఏడు వాళ్ళ ఎనుము ఈనితే మొదటి పాలు పిండింది జేజే. తర్వాత నెలకే దానికి రెండు చన్నులు ఎండిపోయాయి. అది జరిగింది కొత్త కోడలు కాపురానికి వచ్చిన వారంలో. ఆ పిల్ల కాలు పెట్టడంతోనే పొదుగు ఎండిందని లక్ష్మమ్మగారు ఊరందరికీ చెప్పింది. కోడలిని కొట్టం వైపు పోనిచ్చేది కాదు. మేము వెళ్ళేసరికి ఆ అమ్మాయి వంటింటి గడపలో కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. లక్ష్మమ్మగారు "ఏం దేవమ్మా, ఇట్లొచ్చినావు?" అంది. జేజి నిలబడే చెప్పింది.

"పోయినేడు మీ ఎనుమును నేనే పిండిపోతి గదమ్మా. అంతకుముందు ఇంగో ఇంట్లో రోగమున్న ఎనుమును పిండి, చెయ్యి కడుక్కోకుండ వస్తి. మీ ఎనుము చన్నులు పోయింది నా చేతి వల్లే అనుకుంటాండా. ఈ పిల్లకేమీ సంబంధం లేదు. దాన్ని ఇంగ ఏమీ అనొద్దు."

లక్ష్మమ్మగారు తిట్టబోయి ఆగింది. చివరికి "రోగమంటే చెయ్యి ద్వారా వస్తాదా?" అని మాత్రం అడిగింది. "వస్తాది. సబ్బు పొడి తెప్పీ, సూపిస్తా" అంది జేజి. సబ్బు పొడి తెచ్చింది ఆ కోడలే. నాలుగు గిన్నెలు పట్టుకుని అత్తకంటే ముందు కొట్టంలోకి నడిచింది. కాపురానికి వచ్చాక ఆ కొట్టంలో అడుగు పెట్టడం అదే మొదటిసారి అట. తిరిగి వచ్చేటప్పుడు వాకిట్లో నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కి వదిలింది.

అట్లా జేజి తను పిండిన ఇళ్ళన్నీ తిరిగింది. కొందరు కసిరారు, ఎక్కువమంది గిన్నెలు తెచ్చారు. నెల తిరిగేసరికి మా ఊళ్ళో సబ్బు పొడి బట్టలకంటే పాలకు ఎక్కువ ఖర్చయింది. చర్చి నుంచి బయటికి వచ్చే ఆడవాళ్ళను ఆపి, "ఏమ్మే, చేతులు సూపీ" అనేది. పాస్టరమ్మగారి ఆవు పాలు గిన్నెలో ముద్ద కట్టిన రోజున జేజి ముఖంలో బాధ ఉండవలసినంత లేదని నాకు అనిపించింది. మస్తాన్ మళ్ళీ మా పాలు పోయించుకున్నాడు. ఎస్తేరు పాలు పొయ్యి మీద పొంగినప్పుడు మొదటి టీ జేజికే పంపాడు, నేను మోసుకుని వచ్చాను. చక్కెర ఎక్కువైందని ఆమె వంక పెట్టింది.

ఈ ముప్పై ఏళ్ళలో నేను ఎన్ని ఊళ్ళు తిరిగానో. డోన్ వైపు, బనగానపల్లె మామిడి తోటల వెనక, నల్లమల అంచున, చాలా కొట్టాల్లో నాలుగు గిన్నెలు పెట్టి సబ్బు నీళ్ళు కలిపాను. ఇప్పుడు శిరీష దగ్గర ప్రతి ఎనుముకు మెడలో పట్టీ, పాలు ఒక పూట తగ్గితే ఫోనులో ఎర్రటి గుర్తు. మందులు మంచివి వచ్చాయి. వాపు కనపడక ముందే తెలుసుకునే దారులు వచ్చాయి. అవన్నీ మంచివే, మా ఎస్తేరు కాలంలో ఒక్కటి ఉన్నా ఆ చన్ను దక్కేది. అయినా ఈనాటికీ పశువుల దగ్గర నేను చూసే నష్టంలో సగం ఆనాటిదే. పాలు తగ్గితే ఎండ అంటారు, మేత అంటారు, కోడలి కాలు అంటారు. తన చేతిని తిప్పి చూసుకునేవాళ్ళు తక్కువ. నేను పాఠాలు చెప్పిన సభల్లో మీసాల పెద్దమనుషులు ఎంతమందో ఉన్నారు. తన వల్ల తప్పు జరిగిందని ఇంటింటికీ నడిచి చెప్పిన మనిషిని మాత్రం నేను జేజిని తప్ప చూడలేదు. అప్పుడు ఎనుముకు పేరు ఉండేది, పాట ఉండేది. ఇప్పుడు నంబరు ఉంది, ఫ్యాను ఉంది. ఏది మేలో ఎనుములను అడగాలి. శిరీష ఎనుములు బాగానే ఉన్నాయి, నవనవలాడుతున్నాయి. నేను ఊరికే పాతకాలం మంచిదని చెప్పను.

డాక్టరమ్మ తర్వాత కూడా మా ఊరు వస్తూ పోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా నన్ను వెనక కూర్చోబెట్టుకుని తిప్పేది. లెక్కలు మళ్ళీ రాయించింది. పశువైద్య సహాయకుల శిక్షణకు దరఖాస్తు ఆమె చేతితోనే నింపింది. ఉద్యోగం కాగితం వచ్చిన రోజు ఇంటి ముందు ఊరంతా చేరింది. నాయన రాతి పొడి తుడుచుకోకుండానే ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తి వచ్చాడు. దేవుని కృప అన్నారు పాస్టరుగారు. పిల్ల కష్టపడి చదివింది అంది అమ్మ. మస్తాన్ మైసూరుపాకు పొట్లాలు తెచ్చి పంచాడు. జేజి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, తన వాటా మైసూరుపాకు నెమ్మదిగా తింటూ అందరి మాటలూ విన్నది. విని, చేతులు దులుపుకుని అంది:

"ఏందప్పా, మీరంతా ఎవరెవరో చేసినారంటాండారు. మొదట్నుంచి నేను సక్కగ చేతులు కడుక్కొనుంటే, ఇది ఈ పొద్దు ఇంట్లో సంగటి కెలుకుతాండేది!"